సిల్వర్‌కు ప్రాస

తమిళనాడులోని గుడియాత్తం బజారులో లుంగీల అంగడి నడిపే రాఘవులుకు ఊళ్లో ఇంకో పని కూడా ఉండేది. ఎవరింట్లో పెళ్లి జరిగినా, పందిట్లో చదివి అద్దం కట్టి ఇచ్చే అభినందన పద్యం ఆయనే రాసేవాడు. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. చదివిందంతా తమిళం, దాని మీద ఎస్సెల్సీ దాకా ఇంగ్లీషు. పద్యంలో అర్థం కొంచెం పక్కకు పోయినా ఆయన పట్టించుకునేవాడు కాదు, ప్రాస మాత్రం తప్పనిచ్చేవాడు కాదు. ఒక పెళ్లికూతురి పేరు కాంచన అయితే, ఆ పద్యంలో ‘వంచన’ను తెచ్చి పెట్టాడు. కాంచన వాళ్ల నాన్న ఏడాది పాటు ఆయన అంగడి ముందు నుంచి నడవడం మానేశాడు.

ఆ రోజుల్లో ప్రాస లేనిదే రాజకీయం కూడా లేదు. ద్రావిడ పార్టీ మీటింగుల్లో వక్తలు ఒకే అక్షరంతో పది మాటలు వరసగా విసిరితే మైదానం ఊగిపోయేది. రాఘవులు అంగడి పెందలాడే కట్టేసి ముందు వరసలో కూర్చునేవాడు. హిందీ వ్యతిరేక పోరాటమప్పుడు గోడల మీద ‘హిందీ నెవర్, ఇంగ్లీష్ ఎవర్’ అని చదివినప్పటి నుంచీ, ఇంగ్లీషు ప్రాస కూడా తనకు చేతనయిన పనేనని ఆయన నమ్మకం.

ఆ నమ్మకానికి 1968లో పరీక్ష వచ్చింది. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ యజమాని కృష్ణమూర్తి, ఫ్యాక్టరీ పెట్టి ఇరవై ఐదేళ్లయిన సందర్భంగా వేడుక తలపెట్టాడు. మద్రాసు నుంచి అరివళగన్ అనే పేరుమోసిన పార్టీ వక్త వస్తున్నాడు.

“అన్నా, తమిళంలో అందరూ రాస్తారు. మన పద్యం ఇంగ్లీషులో ఉండల్ల. మొదటి లైను నేనే రాసేసినా,” అన్నాడు కృష్ణమూర్తి. “దిస్ ఈజ్ అవర్ ఇయర్ ఆఫ్ సిల్వర్. రెండో లైను దానికి ప్రాసతో మీరు రాయల్ల.”

“ఒక లైనేనా? రేపు పొద్దునకంతా ఇస్తా పో,” అన్నాడు రాఘవులు.

నాలుగు రోజులు గడిచాయి. ‘రివర్’ దొరికింది గాని, ‘ల్వ’ అన్న శబ్దం లేని ప్రాసను ఆయన చెవి ఒప్పుకోలేదు. ఐదో రోజుకు చెవి కొంచెం మెత్తబడింది. ‘కృష్ణమూర్తి ఈజ్ అవర్ లివర్’ అని రాసుకుని అరగంట సంతోషపడ్డాడు. మనిషిని పొగడడానికి గుండె పనికొస్తుంది గాని కాలేయం పనికిరాదని తట్టి, తనే కొట్టేశాడు.

ఆరో రోజు బస్సెక్కి వేలూరు పోయాడు. అక్కడ భార్య తరఫు బంధువు శ్రీనివాసన్ కాలేజీలో ఇంగ్లీషు చెప్పేవాడు. సంగతి విని ఆయన నవ్వాడు.

“సిల్వర్‌కు ప్రాస లేదు మామా. ఆరెంజ్‌కు లేదు, మంత్‌కు లేదు. ఇంగ్లీషువాళ్లే చేతులెత్తేసినారు.”

“లేదంటే ఎట్లప్పా? రెండు వందలేళ్లు మనల్ని ఏలినారే, ఒక ప్రాస సంపాదించుకోలేకపోయినారా?”

“ఆ మాటను లైను మధ్యలోకి జరపండి, సరిపోతాది.”

“యాడ జరిపేది? పెయింటర్ పళని ఆ లైనును ఫ్యాక్టరీ గేటు మీద ఇంతింత అక్షరాల్తో రాసేసినాడు!”

తిరుగు బస్సులో రాఘవులు ‘సిల్వర్, సిల్వర్’ అని గొణుగుతూనే ఉన్నాడు. లత్తేరి దగ్గర పక్కసీటు ఆసామి, ఈయనకేదో పూనిందనుకుని లేచి నిలబడ్డాడు.

ఇంటికొచ్చి విస్తరి ముందు కూర్చున్నా గొణుగుడు ఆగలేదు. భార్య జ్ఞానాంబ రసం గరిటె పట్టుకుని కాసేపు చూసింది.

“సిల్వరూ వద్దు, గిల్వరూ వద్దు. ముందు అన్నం తినండి, రసం చల్లారిపోతా ఉండాది.”

రాఘవులు చెయ్యి ముద్ద దగ్గరే ఆగిపోయింది. గిల్వర్! ‘ల్వ’ ఉంది, ‘ర్’ ఉంది, మొదటి అక్షరం తప్ప ఇంకేదీ తేడా పోలేదు. ఎంగిలి చేత్తోనే లేచి కాగితం మీద రాసుకున్నాడు: అవర్ మ్యాచెస్ బర్న్ లైక్ గిల్వర్.

మర్నాడు దాన్ని టైపు చేస్తూ ఫ్యాక్టరీ టైపిస్టు మేరి ఆగింది. వేలూరు కాన్వెంటులో చదివిన అమ్మాయి. వేదిక మీద చదవబోయేది కూడా ఆమే.

“అయ్యా, గిల్వర్ అంటే ఏమి? డిక్షనరీలో లేదే?”

“పాత ఇంగ్లీషమ్మా. మంట అని అర్థం. చిన్న డిక్షనరీల్లో ఉండదు,” అన్నాడు రాఘవులు. ఇంత సులభంగా అబద్ధం నోటికి రావడం చూసి ఆయనకే ఆశ్చర్యమేసింది.

వేడుక రోజు ఫ్యాక్టరీ ఆవరణంతా నిండిపోయింది. పెట్టెలు నింపే ఆడవాళ్లు కొత్త చీరల్లో కూర్చున్నారు. మేరి చక్కగా చదివింది, చప్పట్లు మోగాయి. రాఘవులు ఇంకా కాలర్ సర్దుకుంటూనే ఉన్నాడు, అరివళగన్ మైకు ముందుకు వంగాడు.

“చాలా బాగా చదివినావమ్మా. కాని గిల్వర్ అనే మాట నేనెప్పుడూ వినలేదే. దాని అర్థం చెబుతావా?” అని తమిళంలో అడిగాడు.

“పాత ఇంగ్లీషు మాటండీ... మంట అని...”

“ఏ పుస్తకంలో ఉంది?”

మేరి ముఖం ఎర్రబడింది. ముందు వరసలోని రాఘవులును ఒక్కసారి చూసింది. ఆయన పేరు మాత్రం చెప్పలేదు. “టైపులో నేనే తప్పు చేసినట్టున్నాను,” అంది మెల్లగా.

కుర్చీలో రాఘవులు కుంచించుకుపోయాడు. లోకంలో లేని మాటొకటి పుట్టించి, దాన్ని మోసే భారం ఒక ఆడపిల్ల నెత్తిన పెట్టానే అనిపించింది. లేచి నిలబడ్డాడు. తమిళంలో మొదలుపెట్టి, గాభరాలో తెలుగులోకి జారిపోయాడు.

“అయ్యా, ఆ పాప తప్పేమీ లేదు. నాకు ప్రాస దొరకలా. ఆ మాట ఇంగ్లీషు కాదు, మా ఇంట్లో ఆమె రసం పోస్తా ‘సిల్వరూ గిల్వరూ’ అని తిట్టిన తిట్టు. పాత ఇంగ్లీషని ఆ పాపకు నేనే అబద్ధం చెప్పినా.”

ఆడవాళ్ల వరసలో ఎవరో కిసుక్కుమన్నారు, ఆ నవ్వు గేటు దాకా పాకింది. అరివళగన్ కూడా కళ్లు తుడుచుకుంటూ మైకు అందుకున్నాడు.

“గిల్వర్ తెలుగువాళ్లది. తమిళంలో అయితే కిల్వర్ అనాలి. కాఫీకి కీఫీ, పుస్తకానికి కిస్తకం, మన ఇళ్లల్లో ప్రాస లేని మాటే పుట్టలేదు. పాపం, ఇంగ్లీషుకే ఆ వసతి లేదు!”

రాఘవులు జీవితంలో అన్ని చప్పట్లు అంతకు ముందెప్పుడూ వినలేదు. అవి తన పద్యానికి కావని, తన తెలివితక్కువతనానికేనని ఆయనకు తెలుసు. అయినా విన్నంతసేపూ బాగానే ఉందని తర్వాత ఆయనే ఒప్పుకున్నాడు. ఆ పూట నుంచి ఆయన ఊరికంతటికీ గిల్వర్ రాఘవులు అయిపోయాడు. లుంగీ కొనడానికి వచ్చినవాళ్లు అడిగితే, లివర్ సంగతి కూడా కలిపి మొదటి నుంచీ చెప్పేవాడు. చెప్పిన ప్రతిసారీ కథలో తన బుద్ధి ఇంకొంచెం తగ్గేది. జ్ఞానాంబ మాత్రం, తన మాట అంతమంది ముందు చదివించి తనను పిలవనే లేదని చాలా రోజులు సణిగింది.

మేరి రెండు వారాలు ఆయనతో మాట్లాడలేదు. రాఘవులు ఫ్యాక్టరీకి పోయి ఆమె బల్ల ముందు నిలబడ్డాడు.

“నీకు చెప్పిన అబద్ధాన్ని అందరి ముందర ఒప్పుకున్నా గాని, నీ దగ్గర క్షమాపణ అడగలేదమ్మా. అడుగుదామని వచ్చినా.”

మేరి టైపు ఆపి, కుర్చీ చూపించింది. “వచ్చే తై మాసంలో, పొంగల్ అయినాక నాకు పెళ్లి అయ్యా. వేలూరు చర్చిలో. పద్యం మీరే రాయాలి. తమిళంలోనే రాయండి, అచ్చుకు పోకముందు నాకు చూపించాలి.”

రాఘవులు ఒప్పుకున్నాడు. మూడుసార్లు రాసి తీసుకుపోయాడు. మూడుసార్లూ ఆమె ప్రతి మాటకూ అర్థం అడిగి, పెన్సిలుతో దిద్ది ఇచ్చింది. నాలుగోసారి రాసినదాంట్లో రెండు చోట్ల ప్రాస తప్పింది. అది ఆయనకు తెలుసు. తెలిసీ అట్లాగే అచ్చుకు పంపించాడు.