తాళాలివ్వని మనిషి

మా చుట్టుపక్కల కారు నడిపే ఆడవాళ్ళలో సగం మందికి ఆయనే నేర్పాడు. అందరం మాస్టారు అనేవాళ్ళం. పాత తెల్లకారు, దాని నెత్తిమీద డ్రైవింగ్ స్కూల్ బోర్డు, పక్క సీటు కింద ఆయన కోసం విడిగా బిగించిన బ్రేకు. మనం తడబడితే ఆయన కాలు ముందే బ్రేకు మీద పడేది. నోరు అంతకంటే ముందే లేచేది.

"గేరంటే గరిటె కాదమ్మా, అలా తిప్పకు," అనేవాడు. వెనక సీట్లో తమ వంతు కోసం కూర్చున్న మగవాళ్ళు నవ్వేవాళ్ళు. పాపం, స్టీరింగ్ పట్టుకున్నావిడ కూడా నవ్వేది.

ఇంతమందికి నేర్పినవాడు పెళ్ళానికి మాత్రం నేర్పలేదు. ఆవిణ్ణి నేను అక్కా అని పిలిచేదాన్ని. కాపురానికొచ్చిన కొత్తలో ఆవిడ ఒకసారి అడిగిందట. ఆడదాని చేతికి స్టీరింగిస్తే మగాడు డిక్కీలో కూర్చోవాలన్నాడట, నలుగురు స్నేహితుల ముందు. తన మాట తనకే ఎంత ముద్దొచ్చిందో, ఆ తర్వాత వచ్చిన ప్రతి బ్యాచ్‌కీ అదే చెప్పాడు. అక్క మళ్ళీ అడగలేదు. పంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాలన్నా ఆయనకి తీరిక దొరికేదాకా చెప్పులేసుకుని గుమ్మంలో కూర్చునేది. దవడ వాచిపోయి అలా కూర్చోవడం నేను చూశాను.

మొదట్లో ఆయన ఇలా ఉండేవాడు కాదని అక్కే చెప్పింది. ఆవిడ నీళ్ళోసుకున్నప్పుడు బట్టలన్నీ తనే ఉతికి ఆరేసేవాడట. ఒకరోజు వాళ్ళ నాన్న వచ్చి, కొడుకు చేతిలో తడి చీర చూసి, మంచినీళ్ళు కూడా ముట్టకుండా వెనక్కి వెళ్ళిపోయాడు. అప్పట్నుంచి ఫోన్ చేసినప్పుడల్లా కోడల్ని, "ఏమ్మా, నీ పెళ్ళాం ఇంట్లో ఉందా?" అని అడిగేవాడు. ఆ పెద్దాయన పోయేదాకా ఆ మాట మానలేదు. మాస్టారు మాత్రం బకెట్టు ముట్టుకోవడం ఆ నెలలోనే మానేశాడు.

కాలం మారింది. నేర్చుకోవడానికొచ్చే పిల్లలు ఆయన జోకులకి నవ్వడం మానేశారు. బ్యాంకులో పనిచేసే ఒకమ్మాయి రోడ్డు వారగా కారాపి, తనకి డ్రైవింగ్ నేర్పితే చాలనీ, నవ్వించక్కర్లేదనీ చెప్పి దిగిపోయింది. వెనకున్న కుర్రాడైనా తనవైపు మాట్లాడతాడని మాస్టారు అనుకుంటే, వాడు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఆ కొద్దిరోజుల్లోనే రెండు వీధుల అవతల ఒకావిడ సొంతంగా డ్రైవింగ్ స్కూలు పెట్టింది. ఆడవాళ్ళంతా అటు జారుకున్నారు.

ఇంట్లోనూ అంతే. కూతురు పురిటికొచ్చింది. అల్లుడు వచ్చినప్పుడల్లా పిల్లకి పక్కగుడ్డలు తనే మార్చేవాడు. మావయ్యగారూ, ఆ పొడిగుడ్డ కాస్త అందిస్తారా అని మామూలుగానే అడిగాడు. మాస్టారు లేచి వీధిలోకి వెళ్ళిపోయాడు. ఆడంగి అల్లుడు దొరికాడని టీ కొట్టు దగ్గర చెప్పుకుంటే, టీ కొట్టతను తన గ్లాసులు తను కడుక్కున్నాడు.

ఆ తర్వాత ఒక ఉదయం బూట్లు వేసుకుంటుంటే మాస్టారి కుడికాలు మాట వినలేదు. మూతి ఓ పక్కకి లాగేసింది. అక్క చూడగానే గుర్తుపట్టింది, వాళ్ళ అమ్మ పోయింది పక్షవాతంతోనే. పెద్దాసుపత్రి దగ్గరే. కారు గుమ్మం ముందే ఉంది.

"తాళాలివ్వండి, నేను తీసుకెళ్తాను," అంది.

"నువ్వా?"

"నాకొచ్చు. నేర్చుకున్నాను."

ఎవరి దగ్గరని అడిగాడు, తిరగని నాలుకతోనే. రెండు వీధుల అవతలి ఆవిడ పేరు చెప్పింది.

ఆయన ఎడంచేతిలో తాళాలున్నాయి. పిడికిలి బిగించాడు. కూతురు పసిపిల్లని చంకనేసుకుని బతిమాలింది, ఏడ్చింది. ఉత్త తిమ్మిరే, కాసేపటికి తగ్గుతుందన్నాడు. అక్క ఒక్కొక్క వేలూ విప్పదీయబోయింది. కుడిపక్కంతా చచ్చుబడుతున్నా ఆ చేతిలో బలం ఎక్కడిదో, గోళ్ళు తన అరచేతిలోకే దిగి రక్తం కారింది గానీ పిడికిలి విడలేదు. కూతురు అంబులెన్సుకి ఫోన్ చేసింది. అది పొద్దుటి ట్రాఫిక్‌లో చిక్కుకుంది. కాస్త ముందు తెచ్చుంటే బాగుండేదన్నాడు డాక్టరు.

కుడి కాలూ చెయ్యీ పోయాయి. మాటా పోయింది, ఏదో మూలుగు మిగిలింది. ఇప్పుడు అక్కే ఆయన్ని కార్లో వ్యాయామం చేయించే డాక్టరు దగ్గరికి తిప్పుతోంది. ఎక్కించేటప్పుడు సాయానికి వచ్చినవాళ్ళు, భార్యంటే ఇలా ఉండాలి అంటారు. అంబులెన్సువాళ్ళ ఆలస్యమే కొంప ముంచిందని కూడా అంటారు. అక్క కాదనదు.

నేనూ ఒకరోజు, నీ ఓర్పు గొప్పది అక్కా అన్నాను. వంటింట్లో గట్టు మీద కూర్చుని ఇద్దరం టీ తాగుతున్నాం.

"ఓర్పేం కాదే. ఉన్న పని చేస్తున్నాను, అంతే," అంది. టీ ఓ గుక్క తాగి, "తిట్టాడు, వెక్కిరించాడు, అవన్నీ అలవాటైపోయాయి. చావొచ్చి నెత్తిమీద కూర్చున్నా నా చేతిలో ప్రాణం పెట్టడానికి ఒప్పుకోలేదు చూడు, అదొక్కటి మింగుడుపడట్లేదు," అంది.

గదిలోంచి ఆయన మూలుగు వినిపించింది. నేను లేవబోతే అక్క నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. గ్లాసులో ఇంకా సగం టీ ఉంది. నెమ్మదిగా, చివరి చుక్కదాకా తాగి, గ్లాసు కడిగి బోర్లించి, అప్పుడు వెళ్ళింది.