జర అక్క నేర్చిన మస్ట్

ఆ రోజుల్లో నేను హైటెక్ సిటీలో కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రవాణ్ణి. వయసు అరవై దాటింది, అది వేరే సంగతి. మెడలో ట్యాగు కొత్తది, చేతిలో టిఫిన్ డబ్బా కొత్తది, లిఫ్టులో ఏ మీట నొక్కాలో తెలియని బెదురూ కొత్తదే కాబట్టి నా యౌవనం అక్కడే మొదలైందని నా లెక్క. కృష్ణా జిల్లాలో హైస్కూలు పిల్లలకు ఇంగ్లీషు చెప్పి రిటైరై, నార్సింగిలో కిరాయికి దిగిన కొత్తలో, ఇద్దరు మనుషులు రోజంతా ఉండటానికి ఈ ఫ్లాటు సరిపోదని మా ఆవిడ తేల్చింది. ఎక్కువైన ఆ ఒక్క మనిషి ఎవరో ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు. అలా ఒక పెద్ద ఐటీ భవనంలో సెక్యూరిటీ గార్డులకు ఇంగ్లీషు నేర్పే పనిలో కుదిరాను. నా పాఠం వినడానికి ఐటీ కారిడార్ నలుమూలల నుంచీ జనం విరగబడి వచ్చేవారు. (విరగబడి అన్నది కొంచెం ఎక్కువ. డ్యూటీ దిగాక ఇంటికి పోనివ్వకుండా సెల్లార్లో, పార్కింగు స్తంభాల మధ్య కూర్చోబెట్టినవాళ్ళే వచ్చేవారు. వాళ్ళలోనూ సగం మంది కునికేవారు.)

నేను మొదట ఎత్తుకున్నది తప్పనిసరి సంగతులు చెప్పే పాఠం. గార్డు పనంతా దాని మీదే నడుస్తుంది కదా. మన తెలుగులో 'చూపించాలి' అంటే సరిపోతుంది. అది బతిమాలటమో, సలహానో, హుకుమో గొంతును బట్టి తెలిసిపోతుంది. ఇంగ్లీషులో ఒక్కోదానికి ఒక్కో మాట. చెప్పే మనిషే పట్టుబడితే మస్ట్, పైనుంచి వచ్చిన నియమం కాబట్టి తప్పదంటే హ్యావ్ టు, చేస్తే మంచిదంటే షుడ్, అవసరం ఉందంటే నీడ్ టు. వీటి మీద నేనిచ్చిన ఉపన్యాసానికి సెల్లార్ దద్దరిల్లిపోయింది. (సరిగ్గా అప్పుడే కరెంటు పోయి, పక్కనున్న జనరేటర్ వేశారు.)

ఆ క్లాసులో కునకని మనిషి ఒకావిడ ఉండేది. గోపన్‌పల్లి నుంచి వచ్చేది, మెయిన్ గేటు దగ్గర డ్యూటీ. ఏం చెప్పినా 'జర'తోనే మొదలుపెడుతుందని అందరూ ఆమెను జర అక్క అనేవారు. "జర కార్డు సూపెట్టు తమ్మీ", "జర బండి పక్కకు పెట్టు బిడ్డా" అంటూ రోజంతా సాఫ్ట్‌వేర్ పిల్లలను బుజ్జగిస్తూ ఉండేది. లోపల రిసెప్షన్ బల్ల దగ్గర ఒక జాగా ఖాళీ అయిందనీ, ఇంగ్లీషు పరీక్ష గట్టెక్కిన గార్డుకు అది ఇస్తారనీ తెలిసిన రోజున నా దగ్గరికి వచ్చింది.

"సారూ, ఆడ కుర్సీ ఉంటది" అంది.

జీతం గురించి అనలేదు, ఏసీ గురించి అనలేదు. గేటు దగ్గర గార్డులు కూర్చోకూడదు. పొద్దుట వచ్చిన మనిషి డ్యూటీ దిగేదాకా నిలబడే ఉండాలి. మోకాళ్ళు అరిగిపోయాయని ఆమెకు దవాఖానలో చెప్పారట. "కూసునే పని దొరికితే ఇంకొన్నేండ్లు నడుస్తది సారూ. లేకుంటే ఇగ మానుడే. మానితే ఇల్లెట్ల ఎల్తది?" అంది. అప్పటిదాకా నా పాఠం నా గొప్ప కోసం చెప్పుకున్నాను. ఆ రోజు నుంచి కాస్త భయపడుతూ చెప్పడం మొదలుపెట్టాను.

ఇంగ్లీషు ఆమెకు రాకపోవడం కాదు, మస్ట్ అనడానికి మనసొప్పకపోవడమే అసలు చిక్కు. "యూ మస్ట్ షో యువర్ కార్డ్, అనమ్మా" అంటే తల అడ్డంగా ఊపేది.

"గట్లంటే కొట్లాటకు పోయినట్టుంటది సారూ. పెద్దోళ్ళతోని గట్ల మాట్లాడ్తరా?"

"నియమం కదమ్మా, అనాలి."

"ఆపుత సారూ, ఆపనా? ఆపుడు వేరు, గట్ల మొఖం మీద అనుడు వేరు."

బతిమాలగా బతిమాలగా చివరికి "జర యూ మస్ట్" దాకా వచ్చింది. అంతకంటే ముందుకు నడిపించడం నా వల్ల కాలేదు.

పరీక్ష పెట్టేది హెచ్చార్ పాప. (పాప అనేది నేను. ఆ అమ్మాయిని చూస్తే మేనేజర్లు కూడా లేచి నిలబడేవారు.) రాజమండ్రి పిల్ల, మాట మెత్తన, పని గట్టి. "రూములో అడిగితే అందరూ అప్పజెప్పేస్తారండి. నిజంగా గేటు దగ్గర చూడాలి. కార్డు లేని మనిషొకరు వస్తారు, గార్డు ఇంగ్లీషులో ఆపాలి. పరీక్షని మాత్రం తెలియకూడదు" అంది.

"ఆ మనిషి ఎవరమ్మా?"

"మీరే సర్. గుర్తుపట్టకుండా కొంచెం గెటప్ మార్చుకోండి. పెద్దాయనలా ఉంటారు కదా, ఎవరికీ డౌట్ రాదు."

నా వేషం చూసి కన్నతల్లి కూడా గుర్తుపట్టేది కాదు. (నెత్తిన మంకీ క్యాపు, మా ఆవిడకు శుక్లాల ఆపరేషన్ అయినప్పుడు ఇచ్చిన నల్ల కళ్ళద్దాలు. అంతే.) మండుటెండలో ఆటో దిగి, గేటు దగ్గరికి వెళ్ళి, గొంతు మార్చి, నేను కార్డు మరిచిపోయాను, లోపలికి పంపమని ఇంగ్లీషులో గద్దించాను. అద్దం గోడ వెనకనుంచి హెచ్చార్ పాప చూస్తోంది. కుర్చీ కోసమైనా ఒక్కసారి మస్ట్ అనవే తల్లీ అని నేను లోలోపల మొక్కుకుంటున్నాను.

జర అక్క నన్ను నిలువునా చూసింది. "గిదేంది సారూ, కండ్లకేమైంది?" అంది.

నేను ఇంగ్లీషు వదల్లేదు. నాకు అర్జెంటు పని ఉందన్నాను.

"ఉండనియ్యుండ్రి. ముందుగాల జర గీడ కూసోండ్రి." గేటు పక్క గట్టు మీద అట్టముక్క పరిచి, తన గొడుగు నీడలో నన్ను కూర్చోబెట్టి, తాను ఎండలో నిలబడి, తన సీసాలోని నీళ్ళు ఇచ్చింది. నేను మళ్ళీ ఇంగ్లీషులో లేచాను. ఆమె ముఖం మారిపోయింది. పక్క గార్డును పిలిచి, "అన్నా, సారుకు ఎండదెబ్బ తాకినట్టుంది. ఒక్క తెలుగు ముక్క వస్తలేదు, ఉత్త ఇంగ్లీషే మాట్లాడుతుండు. సారోళ్ళింటికి ఫోన్ కొట్టు" అంది.

అతను కొట్టాడు, స్పీకరు పెట్టాడు. మా ఆవిడ తాపీగా విని, "ఎండదెబ్బ కాదు బాబూ, ఆయనకది మామూలే. ఆ కళ్ళద్దాలు నావి, జాగ్రత్తగా తీయమనండి" అని పెట్టేసింది.

ఇక లాభం లేదని నేను గేటు కడ్డీ కింద నుంచి దూరబోయాను. జర అక్క నా చెయ్యి పట్టుకుంది. మెత్తగానే పట్టుకుంది గాని, వదిలే పట్టు కాదది. "లోపటికి మాత్రం పంప సారూ. కార్డు లేదు గద. మీకు మంచిగయ్యేదాంక నేను గీడనే ఉంట, ఫికర్ జెయ్యకుండ్రి" అంది.

పరీక్షలో ఆమెకు సున్నా వచ్చింది.

నేను హెచ్చార్ పాప గదికి వెళ్ళి చాలాసేపు పోరాడాను. (పోరాటం కాదు, బతిమాలుకోవడం.) నన్ను ఆపింది కదమ్మా అన్నాను. "ఆపారండి, నేనూ చూశాను. కానీ ఒక్క ఇంగ్లీషు మాట కూడా రాలేదు. రిసెప్షన్‌కు వచ్చేవాళ్ళంతా మనవాళ్ళే ఉండరు సర్. ఏ మొహంతో పాస్ చెయ్యమంటారు?" అంది. ఆ అమ్మాయి అన్నదాంట్లో తప్పేమీ నాకు కనబడలేదు. అందుకే ఇంకా దిగులేసింది.

సాయంత్రం సెల్లార్లో జర అక్కకు అది పరీక్షని చెప్పాను. ఆమెకు కోపం రాలేదు. మోకాలు నిమురుకుంది. "పరీక్ష అని ఎరుకైతే ఇంగ్లీషుల చెప్తుంటి గద సారూ. నేను నిజమనుకున్న" అంది.

ఈ మాట నేను మోసుకెళ్ళి హెచ్చార్ పాపకు అప్పజెప్పాను, చిలవలు పలవలు కలపకుండా. (నా జీవితంలో అదొక్కటే అలా చెప్పాను.) ఆ అమ్మాయి పెన్ను పక్కన పెట్టి, కిటికీలోంచి గేటు వైపు చూసి, "రేపు రూములో పెడదాం సర్. పరీక్ష అనే చెబుదాం" అంది.

మర్నాడు నేను వేషం లేకుండానే ఎదురుగా నిలబడ్డాను. జర అక్క కళ్ళు గట్టిగా మూసుకుని, తెరిచి, "సర్, యూ మస్ట్ షో యువర్ కార్డ్" అని గర్జించింది. నేను రెండడుగులు వెనక్కి వేసి, నిజంగానే జేబులు తడుముకున్నాను. ఆమె వెంటనే "ఏమనుకోకుండ్రి సారూ" అని నాలుక కరుచుకుంది. హెచ్చార్ పాప తల వంచుకుని రాస్తోంది. ఆ చివరి మాట ఆమెకు వినబడలేదనే అనుకుందాం.

కుర్చీ వచ్చింది. చక్రాలున్న నల్ల కుర్చీ. మొదటి రోజు చూద్దామని నేను ముందు తలుపు నుంచి వెళ్ళాను. నన్ను చూడగానే జర అక్క బల్ల అంచు పట్టుకుని, మెల్లగా, పంటి బిగువున లేచి నిలబడింది.

"కూర్చోమ్మా, దానికోసమే కదా ఇంత చేశాం."

"మీరు నిలవడుంటే నేనెట్ల కూసుంట సారూ?"

మర్నాడూ లేచింది. ఆ మర్నాడు నేను దూరం నుంచే చెయ్యి ఊపి వద్దన్నాను. చెయ్యి ఊపానని కూడా లేచింది. కుర్రకారు వచ్చినప్పుడు హాయిగా కూర్చునే మాట్లాడేది. లేవడమంతా నా ఒక్కడి కోసమే. అందుకని నేను ముందు తలుపు మానేశాను. ఆ ఉద్యోగం చేసినన్నాళ్ళూ కార్లు దిగే వాలు దారిలో, హారన్లు మోగుతుంటే గోడకు ఆనుకుని, టిఫిన్ డబ్బా పొట్టకు హత్తుకుని సెల్లార్లోకి దిగాను. (ఏ ఒక్క రోజూ తప్పలేదని రాద్దామనుకున్నాను. వాన పడ్డప్పుడు ముందు నుంచే వెళ్ళాను, బల్ల దగ్గర ఆమె వంగి ఏదో రాసుకునే అదను చూసి, మునివేళ్ళ మీద.) ఇప్పుడు ఇంట్లో కూర్చుని, మెడలో ట్యాగు ఊగుతూ అలా దొంగలా జారుకునే ఆ మనిషిని తలచుకుంటే నవ్వొస్తుంది. అలా వెళ్ళాలని అతనికి ఎవరూ చెప్పలేదు.