గాలి మనకి ఏమవుతుంది?

నా నవలలో గాలిని పిలిస్తే వస్తుంది. కాకపోతే వరుస పెట్టి పిలవాలి. గాలి మేనమామ, నది పెద్దమ్మ, కొండ తాత. ఎవరిని ఏ వరుసతో పిలవాలో తెలిసినవాళ్ళే ఆ లోకంలో మంత్రగాళ్ళు.

ఈ ఊహ నాకు పెళ్ళయి భిలాయి వచ్చిన కొత్తలో తట్టింది. విజయనగరం దగ్గర మా వీధిలో ప్రతి గడపకీ ఒక వరుస ఉండేది. ఇక్కడ సెక్టర్ 7లో మామగారి క్వార్టర్లో కాపురం పెట్టాక, హిందీ రాక, కూరగాయల బండి దగ్గర నోరు విప్పడానికే నాకు నెలలు పట్టింది. మాట్లాడే మనిషి లేని మధ్యాహ్నాల్లో రాయడం మొదలుపెట్టాను. పడవ నడిపేవాడి కూతురు ఒకతి, నదిని పెద్దమ్మా అని పిలిచి వరదని ఆపుతుంది. అక్కడ మొదలైంది కథ.

మొదటి శ్రోత మా తోటికోడలు. నేను అక్కా అంటాను. ఆమె ఇక్కడే పుట్టి హిందీలో చదువుకుంది; తెలుగు గడగడా మాట్లాడుతుంది గానీ కూడబలుక్కుని చదువుతుంది. అందుకని నేనే చదివి వినిపించేదాన్ని. బావగారూ, మావారూ ఉక్కు ప్లాంటుకి వెళ్ళాక, మామగారు భోంచేసి నడుం వాల్చాక, ఆమె బఠాణీలు ఒలుస్తూ వినేది. మొదటి అధ్యాయం పూర్తికాకుండానే చెయ్యి ఆపింది.

"ఉండమ్మా. గాలిని మావయ్యా అంటే ఎందుకొస్తాది?"

"వరుస పెట్టి పిలిచింది కదక్కా."

"అయితే ఏటి? మనం ఆటో ఆయన్నీ భయ్యా అంటాం, కూరలాయన్నీ భయ్యా అంటాం. అంతమాత్రాన వాళ్ళు మన చుట్టాలైపోనారేటి? మరి నీ గాలికేటి అవసరం, పిలవగానే పరిగెత్తుకొచ్చేయడానికి?"

నాకు ఒళ్ళు మండింది. కాగితాలు మడిచి లోపలికి వెళ్ళిపోయాను. మంత్రం అంటే మంత్రమే, దానికి ఎందుకు ఏమిటి అని ఎవరైనా అడుగుతారా! కొన్నాళ్ళు ఆమెకి ఏమీ చదవలేదు. కానీ ఆ ప్రశ్న మాత్రం పప్పు తాలింపు వేస్తున్నా వదల్లేదు, తర్వాత పిల్లలు పుట్టి వాళ్ళకి జడలు వేస్తున్నా వదల్లేదు.

జవాబులు వెతికాను. పిలిచిన ప్రతిసారీ మంత్రగాడి ఆయుష్షు కొంత తగ్గుతుందని రాశాను. "సీరియల్లో చూసినట్టుంది" అంది అక్క. జ్ఞాపకం ఒకటి చెరిగిపోతుందని రాశాను. "పోతే పోయింది, మర్చిపోయాక బాధేటి?" అంది. చిటికెన వేలి రక్తం అన్నాను. దానికి నవ్వింది. ఇలాగే ఏళ్ళు గడిచాయి. పిల్లలు పెద్ద తరగతులకి వచ్చారు, నేను ట్యూషన్లు చెప్పడం మొదలుపెట్టాను, కాగితాల కట్ట లావెక్కింది. ఆ పడవవాడి కూతురు మాత్రం నది ఒడ్డున చెయ్యెత్తి అలాగే నిలబడి ఉంది. చింపి పారేద్దామని ఎన్నోసార్లు అనిపించింది. అక్కే పడనిచ్చేది కాదు. "ఆ పిల్ల ఏటయ్యిందో నాకు తెలియాలి" అనేది.

ఒకరోజు పొద్దున్న మామగారు బాత్రూంలో జారిపడ్డారు. అన్నదమ్ములిద్దరూ ఫస్ట్ షిఫ్టులో ఉన్నారు. ఆయన్ని లేపడం మా ఇద్దరివల్లా కాలేదు. అక్క గేటు దాకా పరిగెత్తి "భయ్యా!" అని కేకపెట్టింది. మా పిల్లల్ని బడికి తీసుకెళ్ళే ఆటో ఆయన, అప్పుడే వాళ్ళని దింపి తిరిగొస్తున్నాడు. బండి రోడ్డు మీదే వదిలేసి లోపలికొచ్చి, మామగారిని చంటిపిల్లాణ్ణి ఎత్తినట్టు ఎత్తుకుని ఆటోలో పడుకోబెట్టాడు. ఆసుపత్రిలో మావాళ్ళు వచ్చేదాకా కదల్లేదు. మామగారి తుంటి ఎముక అతుక్కుని, కర్రతో నడవడానికి చాన్నాళ్ళు పట్టింది.

ఆ తర్వాత ఎండాకాలంలో ఆటో ఆయన పెళ్ళికార్డు పట్టుకుని వచ్చాడు. పక్క పట్నం దుర్గ్ దాటాక వాళ్ళ ఊళ్ళో కూతురి పెళ్ళి. "దీదీ, ఆనా హీ పడేగా" అన్నాడు, రాక తప్పదని. సరిగ్గా అదే రోజు ఇక్కడే రుఆబాంధాలో మావారి బంధువుల గృహప్రవేశం. మావారు తేల్చేశారు: "వాళ్ళు చుట్టాలు, మానేస్తే బాగోదు. ఆటో అతనికి తర్వాత ఏదైనా ఇద్దాం."

అక్క వంటింట్లోంచే గట్టిగా అంది. "ఆ రోజు పిలిస్తే వచ్చిందెవరు? ఇప్పుడు ఆయన పిలిస్తే మనం వెళ్ళకపోతే ఇంక భయ్యా అని ఏ మొహంతో పిలుస్తాం?"

నా చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. ఎన్నో ఏళ్ళుగా వెతుకుతున్నది ఆమె నోట్లోంచి ఊడిపడింది, అదీ కోపంలో.

అక్కా, నేనూ ఆ పెళ్ళికే వెళ్ళాం. ఆడపిల్లవైపు ఆడవాళ్ళ మధ్య కూర్చోబెట్టి, వాళ్ళ పాటల్లో మమ్మల్నీ కలుపుకున్నారు. నా మనసు మాత్రం నది ఒడ్డునే ఉంది. తిరుగు బస్సులో అక్కకి చెప్పాను. "పిలిస్తే గాలి వస్తుంది. కానీ గాలి పిలిచినప్పుడు మనమూ వెళ్ళాలి. వెళ్ళకపోతే వరుస తెగిపోతుంది. ఆ తర్వాత ఎంత అరిచినా దానికి వినపడదు."

అక్క నా వైపు తిరిగి అడిగింది. "మరి ఆ పిల్లని నది ఎప్పుడు పిలుస్తాది?"

"ఆమెకి ఏమాత్రం వీలుకానప్పుడు."

"అదీ!" అని నా తొడ మీద ఒక్కటి చరిచింది.

ఇంటికొచ్చి కథంతా మొదటినుంచీ తిరగరాశాను. ఆ ఒక్క నియమంతో ముడులన్నీ వాటంతట అవే విడిపోయాయి. కథలో ఏళ్ళ తరబడి వానని పిలుచుకుని, వాన పిలిస్తే గడప దాటని కోటలోని గొప్ప మంత్రగాళ్ళు ఎందుకు ఓడిపోయారో నాకు అర్థమైంది. తన పెళ్ళి పీటల మీంచి లేచి నదికి వెళ్ళిన పిల్ల ఎందుకు గెలిచిందో అర్థమైంది. అయినా పూర్తవడానికి మరికొన్నేళ్ళు పట్టింది. అక్క ప్రతి పేజీనీ నిలదీసింది. జవాబు లేని పేజీ ఒక్కటి కూడా పుస్తకంలోకి వెళ్ళలేదు.

కిందటేడు పుస్తకం అచ్చయింది. ఇక్కడి తెలుగువాళ్ళు హాల్లో చిన్న సభ పెట్టి నన్ను మాట్లాడమన్నారు. ముందు వరుసలో రిటైరయిన ప్లాంటు ఉద్యోగులు కూర్చున్నారు. వాళ్ళలో ఒక పెద్దాయన, ఇనుము కరిగించే బ్లాస్ట్ ఫర్నేసులో పనిచేసినాయన, లేచారు.

"అన్నిటికీ వరుస పెట్టావు కదమ్మా, నిప్పుకి ఏటి వరుస?"

హాలంతా నా వైపు తిరిగింది. నాకు కంగారు కలగలేదు.

"నిప్పుకి వరుస లేదండి. నా పుస్తకంలో దాన్ని ఎవరూ పిలవరు. అది తనంతట తను వస్తుంది, తనంతట తను పోతుంది. అందుకే మంత్రగాళ్ళు కూడా దానికి దూరంగా నడుస్తారు."

"సరిగ్గా రాసేవమ్మా" అని ఆయన కూర్చున్నారు. పక్కనున్న ముసలాయనలు తలలూపారు. ఏ బహుమతి వచ్చినా నాకు అంత సంతోషం కలిగేది కాదేమో.

బయటికొచ్చాక అక్క మూతి ముడిచింది. "నేనెప్పుడూ అడగలేదే, నిప్పు సంగతి!"

"నువ్వు అడుగుతావేమోనని ఎప్పుడో సిద్ధం చేసి పెట్టుకున్నాను" అన్నాను. ఆమె పకపకా నవ్వి, సభలో నాకు వేసిన పూలదండని నా చేతిలోంచి తీసి తన భుజాన వేసుకుంది. ఆ దండలో సగం ఆమెదే మరి. మిగతా సగం మాత్రం నాది, అందులో నాకేమీ మొహమాటం లేదు.