ఆంటీ అడిగి తెచ్చిన క్షమాపణ

ఆంటీ పోయారని ఆమె కూతురు మెసేజ్ పెట్టింది. మంగళవారం మధ్యాహ్నం. నేను లైబ్రరీలో, వాపసు వచ్చిన పుస్తకాలను అరల్లో సర్దుతున్నాను. "మమ్ ఈ మార్నింగ్ పోయింది. హాస్పిటల్‌లోనే. పీస్‌ఫుల్‌గా" అని ఉంది. చివరి మాట నాకు నమ్మబుద్ధి కాలేదు. ఆంటీ అంత తేలిగ్గా కన్ను మూసే మనిషి కారు. ఎవరితోనో ఇంకా ఏదో తేల్చుకోవాలని నర్సును పిలిచే ఉంటారు.

ఈ విదేశీ నగరం శివార్లలో, టార్నీట్‌లో, ఆమె ఇంటి ముందు గదిలో నేను రెండేళ్లుగా అద్దెకుంటున్నాను. ఆంటీ ఒంగోలు వైపు మనిషి. ఇక్కడి వృద్ధాశ్రమాల్లో ఇరవై ఏళ్లు నర్సుగా పనిచేసి మానేశారు. ఆమె మంచితనం గురించి చాలామంది చాలా చెబుతారు. చర్చిలో చెప్పారు కూడా. నేను రాస్తున్నది వేరే సంగతి. నేను ఆమె విషయంలో ఒక తప్పు చేశాను. ఆమె నన్ను నిజంగా క్షమించారా, లేక మర్యాదకు అలా అన్నారా అన్నది ఆమె పోయిన రోజు నుంచీ నన్ను తినేస్తోంది. రాస్తే తేలుతుందేమోనని రాస్తున్నాను.

నేను గుంటూరులో కాన్వెంటులో చదివాను. క్యాథలిక్ పిల్లలు పాపాలు ఒప్పుకోవడానికి వరుసలో నిలబడితే, మా హిందూ పిల్లల్ని లైబ్రరీలో కూర్చోబెట్టేవారు. నాకు పుస్తకాల పిచ్చి అక్కడే అంటుకుంది. మనుషులతో మాట్లాడాలంటే బెరుకు మాత్రం ఎప్పటినుంచో ఉంది. అందుకే ఆంటీ మొదటి వారమే పెరట్లో పండిన గోంగూరతో పచ్చడి చేసి తెచ్చిస్తే, థాంక్స్ చెప్పి తలుపేసుకున్నాను. ఫోన్లో అమ్మ ఊరుకోలేదు.

"జాగ్రత్తే! ముందు పచ్చడి ఇస్తారు, తర్వాత పుస్తకం ఇస్తారు."

అమ్మ భయపడ్డ బైబిలు రాలేదు. శనివారం శనివారం ఆమె గరాజులో పదిహేనుమంది చేరి పాటలు పాడేవారు, ప్రార్థన చేసేవారు. నన్ను ఒక్కసారి కూడా పిలవలేదు. దాంతో నా అనుమానం ఇంకా పెరిగింది. పిలవకుండా రప్పించుకునే పద్ధతేదో ఉందనుకున్నాను. ఏ పచ్చడి సీసా ఎప్పుడొచ్చిందో, ఇచ్చేటప్పుడు ఏమన్నారో అన్నీ గుర్తుపెట్టుకునేదాన్ని.

అనుమానంలో ఆమె నన్ను మించిన మనిషని తర్వాత తెలిసింది. తలుపు తాళం వేశాక మూడుసార్లు లాగి చూసేవారు. ఇండియన్ షాపులో ప్రతి ప్యాకెట్టు మీదా తేదీ చదివి, కొట్టువాడు కొత్త స్టిక్కరు అంటించాడేమోనని గోటితో గీకేవారు. అందరికంటే ఎక్కువగా ఆమె అనుమానించింది తనను తానే. షుగరు ఉంది కాబట్టి లడ్డూల డబ్బా తెచ్చి నా గదిలో పెట్టారు.

"నేనొచ్చి అడిగితే ఇవ్వమాక. ఏడిస్తే అసలివ్వమాక."

"మీరెందుకు ఏడుస్తారాంటీ?"

"నా సంగతి నీకు తెలవదు. నాకు తెలుసు."

ఎవరైనా పొగిడితే చెయ్యి అడ్డం పెట్టేవారు. "నన్ను పొగడమాకండమ్మా. లోపల ఏముందో నాకు తెలుసు" అనేవారు. అది వినయం నటించడమని నేననుకునేదాన్ని.

ఆమెకొక నోటుబుక్కు ఉండేది. స్కూలు పుస్తకానికి వేసినట్టు గోధుమరంగు అట్ట వేసి ఉంటుంది. పొద్దున్నే అందులో ఏదో రాసుకునేవారు. ఒక గురువారం ఆమె డాక్టరు దగ్గరికి వెళ్తూ దాన్ని భోజనాల బల్ల మీద మరిచిపోయారు. నేను టీ కాచుకున్నాను. టీ చల్లారింది. నేను పుస్తకం తెరిచాను.

ఎడమవైపు తను ఎవరి కోసం ప్రార్థన చేస్తారో వాళ్ల పేర్లు. కుడివైపు పైన "నావి" అని రాసి, కింద ఆ రోజు తను చేసిన తప్పులు. ఎవరి మీదో విసుక్కున్నది, కూతురి వంట చూసి లోపల నవ్వుకున్నది, అలాంటివి. నా కోసం వెతికాను. పేరు లేదు. "ముందు గది అమ్మాయి" అని ఉంది. దానికి ఎదురుగా, కుడివైపున ఇలా ఉంది: "పచ్చడి ఇచ్చింది ప్రేమతో కాదు. మీటింగుకి వస్తదని ఆశపడి ఇచ్చాను. ప్రేమ అని పేరు పెట్టాను. ప్రభువా, క్షమించు. ఈ అమ్మాయి నన్ను నమ్మడం లేదు. సరిగ్గానే కనిపెట్టింది."

చదివి సంతోషించాను. అబద్ధమెందుకు చెప్పాలి? నా అనుమానం నిజమైనందుకు చాలా సంతోషించాను. పుస్తకం ఎక్కడిదక్కడ పెట్టి, చల్లారిన టీ తాగేశాను.

ఆమె చర్చిలో నెలకోసారి, మొదటి ఆదివారం, ప్రభువు బల్ల ఉంటుంది. రొట్టె ముక్క, గుక్కెడు ద్రాక్షరసం. ఎవరితోనైనా మనసులో తేడా ఉంచుకుని అది తీసుకోకూడదని ఆంటీ గట్టి పట్టుదల. అందుకని ముందురోజే ఫోన్లు చేసి, ఇళ్లకు వెళ్లి, ఆ తేడా తీర్చుకుని సమాధానపడి వచ్చేవారు. ఆ శనివారం నా తలుపు తట్టారు.

"అమ్మాయ్, నీతో సమాధానపడాలి."

"నాతోనా? ఎందుకాంటీ?"

"నా పుస్తకం ఎవరో తీసినట్టనిపించింది. నువ్వేననుకున్నా. రెండు రోజులుగా నీ మొహం చూస్తే అదే ఆలోచన. చదువుకున్న పిల్ల, పద్ధతిగల పిల్ల. అట్టాంటి పని చేస్తదా? నా బుద్ధే అంత. క్షమించమ్మా."

"పర్లేదాంటీ" అన్నాను.

ఆ మాట అంత సులువుగా ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలియదు. తప్పు చేసిన నేను, తప్పు చేయని ఆమెను క్షమించాను. ఆమె నా రెండు చేతులూ పట్టుకుని, తేలికపడి వెళ్లిపోయారు. మర్నాడు ఇస్త్రీ చీర కట్టుకుని బల్ల తీసుకోవడానికి వెళ్లారు.

తర్వాత పది రోజులకు ఒప్పుకున్నాను. పశ్చాత్తాపం వల్ల అని రాస్తే బాగుంటుంది, కానీ కారణం భయం. ఆమెకు అన్నీ తెలిసే, నన్ను పరీక్షించడానికి అలా క్షమాపణ అడిగారేమోనన్న అనుమానం పట్టుకుంది. ఆమె వంటగదిలో గోంగూర ఆకులు వలుస్తుంటే ఎదురుగా కూర్చుని చెప్పేశాను. ఆమె మొహం చూడగానే అర్థమైంది, ఆమెకు తెలియదని.

"చదివావా?"

"చదివానాంటీ."

"అది నేను నా దేవుడికి రాసుకున్నది." ఆమె చేతిలో కాడ అలాగే ఉంది. "పైగా నా చేతే క్షమించమని అడిగించుకున్నావే."

లేచి వెళ్లిపోయారు. సగం వలిచిన గోంగూర బల్ల మీద సాయంత్రం దాకా వాడిపోతూ పడి ఉంది. మర్నాడు నా గదిలోంచి లడ్డూల డబ్బా తీసుకెళ్లిపోయారు. పచ్చడి ఆగిపోయింది. ఎదురుపడితే "చెత్త బిన్ బయట పెట్టావా?" అని మాత్రం అడిగేవారు. పాపమంటే ఏమిటో అంతగా రాసుకున్న మనిషి నా ఒక్క పాపాన్ని ఎందుకు మింగలేకపోతోందని నాకు కోపం వచ్చింది. అంతా పుస్తకంలో మాటలేనన్నమాట అనుకున్నాను.

ఆ తర్వాతి మొదటి ఆదివారం మధ్యాహ్నం, చర్చి నుంచి వస్తూ కూతురు నేరుగా నా గదికి వచ్చింది. ఇక్కడే పుట్టిన పిల్ల. కోపం వస్తే తెలుగు సగం ఇంగ్లీషైపోతుంది.

"వాట్ డిడ్ యూ డూ? మమ్ ఇవాళ కమ్యూనియన్ తీసుకోలేదు. బ్రెడ్ ట్రే వచ్చింది, షీ జస్ట్ పాస్డ్ ఇట్. నా లైఫ్‌లో ఫస్ట్ టైమ్ చూశాను."

"నాకేం తెలుసు?"

"నీకే తెలుసు. షీ వోంట్ సే ఎనీథింగ్. ఊరికే ముందు గదికేసి చూస్తోంది."

ఆ రోజు మొదటిసారి నాకు సిగ్గేసింది. ఆమె నన్ను శిక్షిస్తున్నారనుకున్నాను. ఆమె తననే పస్తు పెట్టుకున్నారు.

మరో నెల గడిచింది. శనివారం పొద్దున తలుపు తట్టారు. చేతిలో ఏమీ లేదు. మంచం చివర కూర్చుని, కిటికీలోంచి పక్కింటి పిల్లలు గెంతే ట్రాంపొలీన్ కేసి చూస్తూ చెప్పారు.

"పోయిన నెలే రావాల్సింది. తలుపు దాకా వచ్చి వెనక్కి పోయాను. క్షమించానని చెబితే అబద్ధమయ్యేది. నా దగ్గర క్షమాపణ లేదమ్మాయ్. వెతికాను. చేతిలో పనున్నా వెతికాను, లేదు. అరవై ఏడేళ్లు వచ్చినయ్, ఒక చిన్నపిల్లని క్షమించే పాటి మంచితనం నాలో లేదు. ప్రభువును అడిగాను. రోజూ అడిగాను. ఇవాళ పొద్దున కొంచెం ఇచ్చాడు. అది తెచ్చాను."

"కొంచెమేనా ఆంటీ?"

"ప్రస్తుతానికి."

నా నోరు ఊరుకోలేదు. "రేపు బల్ల ఉందనా?"

ఆమె నవ్వారు. రెండు నెలల్లో మొదటిసారి. "అదీ ఉంది. చూశావా? ఇందులో కూడా నా స్వార్థం ఉంది. వెతికేకొద్దీ ఉంటది. నన్ను నమ్ముకుని నేనెట్టా బతికేది? అందుకేగా ఆయన కావాల్సింది."

నేను ఆమె మతంలో చేరలేదు. గరాజు మీటింగుకి ఒక్కసారీ వెళ్లలేదు. ఆమె నమ్మింది నిజమో కాదో నాకు తెలియదు. కానీ తన లోపల చీకటిని అంత మామూలుగా, చెత్త తీసుకెళ్లే రోజు గురించి మాట్లాడినట్టు మాట్లాడే మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. లడ్డూల డబ్బా మర్నాడు నా గదికి తిరిగొచ్చింది. అయినా నా అనుమానం పోలేదు. బల్ల కోసం తెచ్చిన ఆ కొంచెం, బల్ల అయ్యాక ఉందో లేదో ఎవరు చెప్పాలి?

పోయిన నెల ఆమెకు గుండె నొప్పి వచ్చింది. హాస్పిటల్లో చేరిన నాలుగో రోజు నేను వెళ్లాను. కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఉన్నారు. కుడిచేతికి సెలైన్ సూది, దాని చుట్టూ ప్లాస్టరు. వేళ్లు వాచి ఉన్నాయి. ఒళ్లో ఆ నోటుబుక్కు ఉంది. నేను చూపు పక్కకు తిప్పుకున్నాను.

"తీసుకో. నా చెయ్యి రాయనీయడం లేదు. నేను చెబుతా, నువ్వు రాయి."

"నేనా? మీ అమ్మాయి వస్తుందిగా, ఆంటీ."

"దానికి తెలుగు రాయడం రాదు. అదీగాక నువ్వు ఎట్టాగూ చదివావు. కుడిపక్క రాయి."

పెన్ను తీసుకున్నాను. ఆమె కళ్లు మూసుకున్నారు. "పక్క బెడ్డు ఆవిడ గురక పెడుతోందని తిట్టుకున్నాను, రాయి." రాశాను. "డాక్టరు కుర్రవాడు ఏదో దాస్తున్నాడని అనుమానించాను, రాయి." రాశాను. తర్వాత ఆగారు. అయిపోయిందనుకుని పెన్నుకు మూత పెట్టబోయాను.

"ముందు గది అమ్మాయి మీద ఇంకా కొంచెం కోపం ఉంది. రాయి."

"ఆంటీ, ఇది కూడా రాయాలా?"

"ఉన్నది రాయమ్మా. లేనిది రాసి ఆయన్ని మోసం చేస్తామా?"

రాశాను. కాన్వెంటులో నేర్పిన గుండ్రటి అక్షరాలతో, ఒక్క మాట కూడా మార్చకుండా రాశాను. ఆమె కళ్లు తెరవలేదు. ఏం రాశానో చూపించమని అడగలేదు. వాచిన చెయ్యి కుర్చీ చేతి మీద వెల్లకిలా పెట్టుకుని, కాగితం మీద పెన్ను చప్పుడు ఆగేదాకా అలాగే వింటూ కూర్చున్నారు.