రేడియోధార్మికతకు పసుపూ కుంకుమా

ఇప్పుడు భయపడటానికి తీరిక దొరకడం లేదు గానీ, ఆ రోజుల్లో నాకు అదే పెద్ద పని. ఊరూవాడా తెలంగాణ కోసం రోడ్ల మీదికొచ్చిన సకల జనుల సమ్మె కాలం. బస్సులు డిపోల్లోనే ఉన్నాయి, బడులకు తాళాలు పడ్డాయి, భూపాలపల్లి బావుల్లోంచి తట్టెడు బొగ్గు పైకి రాక కరెంటు గంటలకు గంటలు పోతోంది. అందరూ రాష్ట్రం వస్తుందా రాదా అని ఆందోళన పడుతుంటే, నేను మాత్రం మా ఇంటి బండల గురించి ఆందోళన పడుతూ కూర్చున్నాను. (రాష్ట్రం గురించి కూడా పడ్డాను. కానీ ఆ పనికి చాలామంది ఉన్నారు, బండలకు నేనొక్కదాన్నే.)

అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ అయిపోయి, జనగామలో ఒక డిగ్రీ కాలేజీలో పార్ట్‌టైమ్ లెక్చరర్‌గా కొత్తగా చేరాను. మా ఇల్లు మానుకోటలో. కాగితాల మీద మహబూబాబాద్ అని రాస్తారు గానీ మా నోటికి అది మానుకోటే. బాపు ఏళ్ల తరబడి కలగని అప్పుడే కొత్తిల్లు కట్టించాడు. వెనుకవైపు పాత మట్టిగోడల అర్ర ఒకటి అలాగే ఉంచి, ముందు గదిలో ఎర్ర గ్రానైట్ పరిపించాడు. వచ్చినవాళ్లందరినీ చెప్పులు విప్పించి మరీ దాని మీద నడిపించేవాడు. ఆ గదిలోనే అక్కకు మంచం వేశారు. పురిటికి వచ్చింది, ఎనిమిదో నెల. బావ బొగ్గుబాయి మనిషి కాబట్టి భూపాలపల్లిలో సమ్మె శిబిరంలో ఉండిపోయాడు. అంతకు ముందు ఏడాది అక్కకు ఏడో నెలలో బిడ్డ దక్కలేదు. ఆ మాట ఇంట్లో ఎవరూ ఎత్తేవాళ్లు కాదు. "ఏం గాదు, ధైర్యంగుండు బిడ్డా" అని మాత్రం రోజుకు పదిసార్లు అనేవాళ్లు.

ఆ ఏడాదే జపాన్‌లో సునామీ వచ్చి అణువిద్యుత్ కేంద్రం దెబ్బతిన్నది. ముసుగులు వేసుకున్నవాళ్లు ఒక డబ్బా పట్టుకుని పసిపిల్లల ఒళ్లంతా పరీక్షించడం టీవీలో చూసీ చూసీ నాకు అన్నం సయించేది కాదు. దానికి తోడు ఒక ఆదివారం పత్రికలో చిన్న వ్యాసం కంటబడింది. గ్రానైట్‌లో సహజంగానే యురేనియం, థోరియం, పొటాషియం ఉంటాయనీ, వాటి వల్ల కొద్దిగా రేడియోధార్మికత ఉంటుందనీ, కొన్ని ఎర్ర రాళ్లలో అది కొంచెం ఎక్కువనీ రాశారు. "కొద్దిగా" అన్న మాట నాకు కనబడలేదు. "ఎర్ర" అన్న మాట మాత్రం కళ్లలో గుచ్చుకుంది. మర్నాడే జనగామ పోయి మా ల్యాబు సారును బతిమాలి, "రెండు దినాలల్ల తెస్త సార్" అని రేడియోధార్మికతను కొలిచే డబ్బాను, గైగర్ కౌంటర్‌ను, సంచిలో వేసుకొచ్చాను. ఆ వారమే సమ్మె మొదలైంది. ఆ రెండు దినాలు ఆరు వారాలయ్యాయి.

మొదటిసారి డబ్బాను బండ మీద పెట్టగానే టిక్కుటిక్కుమంది. మా నాయినమ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చింది.

"ఏందే గది, కీచురాయి లెక్క మొత్తుకుంటాంది?"

"రేడియోధార్మికత నాయినమ్మా. గీ బండల్ల ఉన్నది."

"ధార్మికమా!" నాయినమ్మ ముఖం వెలిగింది. "బండల్లనా?"

"ఆ. కంటికి కనవడది. అంతట ఉంటది. గోడలు అడ్డమున్నా ఆగది."

(ఈ మూడు ముక్కలు విన్నవాళ్లు ఎవరైనా ఇంకేం అనుకుంటారు? ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు నేను పాఠం చెప్పే ఊపులో ఉన్నాను.)

"మరి యాడ ఎక్కువున్నది బిడ్డా?" అని ఆమె అడిగితే, ఇంట్లో ఒక్కరైనా నా సైన్సును లెక్కజేస్తున్నారని పొంగిపోయి కిటికీ మూలన ఉన్న బండను వేలు పెట్టి చూపించాను.

తెల్లారి లేచి చూద్దును కదా, ఆ బండకు పసుపు పూసి ఉంది, కుంకుమ బొట్లున్నాయి, పక్కన దీపం. సరిగ్గా దాని మీద అక్క బాసింపట్టు వేసుకుని కూర్చుంది. నాయినమ్మ ఎదురుగా కాపలా.

"అక్కా, లే! లే ముందు!" అని నేను కేక పెట్టాను.

"కూసోనియ్యవే! ధార్మికం కడుపుల బిడ్డకు తాకనియ్యి."

"గది మంచిది గాదు నాయినమ్మా! ఎక్కువైతే ప్రమాదం!"

"ధార్మికం ఎక్కువైతే ప్రమాదమా? గిదేం సదువే! మీ సారు దేవుడు లేడనేటోడా ఏంది?"

ఈ తెలుగు మాటను తయారుచేసిన మహానుభావుడు ఎవరో గానీ, ఆ క్షణాన దొరికితే నాలుగు కడిగేసేదాన్ని. చివరికి ఏడ్చి, అలిగి, అన్నం మానేసి, అక్క మంచాన్ని వెనుక మట్టిగోడల అర్రలోకి మార్పించాను. ఆ అర్ర కిటికీ కూడా మూసేశాను. ముందు గదిలోంచి కిరణాలు వస్తాయేమోనని! అక్క దిండు చంకన పెట్టుకుని నా వెనకే వచ్చేసింది. బాపు మాత్రం నాతో మాట్లాడటం మానేశాడు. అంత ముచ్చటపడి పరిపించుకున్న నేలను కూతురే విషమంటే ఏ తండ్రికి నచ్చుతుంది?

మూడో రోజు బాపు, ఆ బండలు పరిచిన మేస్త్రి చాచాను పిలుచుకొచ్చాడు. సమ్మెకారులు రోడ్డు మీదే వండుకుతినే వంటావార్పుకు పొయ్యిలు పేరుస్తున్నవాడు పేరుస్తున్నట్టే వచ్చాడు, చేతులకు మన్ను.

"బిడ్డా, నా పనిల ఏదో ఐబు, తప్పు ఉన్నదన్నవట?"

"నీ పనిల గాదు చాచా, బండల్లనే..." అని డబ్బా పెట్టి వినిపించాను. చాచా మోకాళ్ల మీద కూర్చుని చాలాసేపు విన్నాడు. తర్వాత తన సంచిలోంచి రసమట్టం తీశాడు, నేల సమంగా ఉందో లేదో చెప్పే బుడగ పనిముట్టు.

"గీ గాజు గొట్టంల బుగ్గ చూడు. కొత్తది కొనుక్కొచ్చిన దినం గూడ నేను దీన్ని నమ్మ. ఒకపారి వెట్టి చూస్త, మల్ల అటుదిటు తిప్పి వెట్టి చూస్త. రెండుపార్లు బుగ్గ ఒక్కతాన్నె ఆగితేనే దీని మాట ఇంట. లేకుంటె తప్పు గోడదో, మట్టానిదో ఎట్ల ఎర్కైతది? నీ డబ్బాను గిట్ల చూసుకున్నవా?"

చూసుకోలేదు. ల్యాబుకొచ్చే ప్రతి బ్యాచికీ మొదటి రోజు నేను చెప్పే మొదటి సంగతి అది. ముందు ఏమీ పెట్టకుండా డబ్బా ఎంత చప్పుడు చేస్తుందో లెక్క తీయాలి, దాన్ని బ్యాక్‌గ్రౌండ్ అంటారు. అది రాయడం మరిచిపోయిన పిల్లల రికార్డులు విసిరికొట్టిన ఘనత కూడా నాకుంది.

డబ్బా పట్టుకుని అందరం బయలుదేరాం. వాకిట్లో టిక్కుటిక్కు. గల్లీలో టిక్కుటిక్కు. రోడ్డు మీద వంటావార్పు దగ్గర జనం మధ్య కూడా టిక్కుటిక్కు. గంటె తిప్పుతున్న ఒక పెద్దమనిషి, "ఈడ గూడ ఉన్నదా బిడ్డా?" అని ఆశగా అడిగాడు. ఉన్నదన్నాను. "ఇగ వచ్చినట్టే!" అన్నాడు. ఆయన దేన్ని గురించి అడిగాడో నాకు ఇప్పటికీ తెలియదు. అన్నీ లెక్క రాసి చూస్తే రోడ్డు మీదికంటే బండల మీద ఒక పిసరు ఎక్కువ, అంతే. ఇక నేను అక్కను దాచిన మట్టి అర్రకూ ముందు గదికీ తేడానే లేదు. ఇంటికొచ్చి వ్యాసం చివరిదాకా చదివాను. భయపడాల్సింది ఏమీ లేదు, గాలి ఆడేలా కిటికీలు తెరిచి ఉంచితే చాలు అని ఉంది. నేను మూసిన కిటికీ నావైపే చూస్తున్నట్టనిపించింది.

"బండ తప్పు లేదు, డబ్బా తప్పు లేదు. నీది జర తొందర, గంతే" అని చాచా నా తల నిమిరి, మళ్లీ పొయ్యిల దగ్గరికి పోయాడు. "నీ సదువు సల్లగుండ" అని బాపు తనే మంచం మోసుకెళ్లి ముందు గదిలో వేశాడు.

సమ్మె ఇంకా నడుస్తుండగానే ఒక మధ్యాహ్నం అక్కకు నొప్పులొచ్చాయి. ఊరేగింపు రెండుగా చీలి మా ఆటోకు దారిచ్చింది. దవాఖాన వరండాలో నా చేతిలో ఏ డబ్బా లేదు, కొలవడానికి ఏమీ లేదు, ఊరికే అటూ ఇటూ తిరిగాను. సాయంత్రం ఆడపిల్ల పుట్టింది. ఏడుపు వరండా చివరిదాకా వినిపించింది.

మొన్న అక్కా నేనూ మాట్లాడుకుంటుంటే ఆ ముచ్చట వచ్చింది. "నిన్ను ఎంత తిప్పలు వెట్టిన అక్కా, నిండు మనిషివని గూడ చూడకుంట" అన్నాను సిగ్గుపడుతూ.

"పిచ్చిదానా" అంది అక్క. "అందరు నాకు ధైర్యంగుండు, ధైర్యంగుండు అనుడే. నాకేమో లోపల గుండె దడదడ. ఇంట్ల నేనొక్కదాన్నే భయపడుతాన్న అనుకున్న. నువ్వు గా డబ్బా వట్టుకొని నా మంచం సుట్టు తిరుగుతాంటె, నాతోటి భయపడేటోళ్లు ఇంకొకరున్నరని నిమ్మలమైంది. అప్పటిసంది నిద్రవట్టింది."

ఇన్నేళ్లూ ఆ ఇరవై మూడేళ్ల పిల్ల గుర్తొస్తే తల దించుకునేదాన్ని. అక్క మాట విన్నాక మొదటిసారి, దాన్ని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని ఒక కప్పు చాయ్ పోయాలనిపించింది.