ఆఖరి పేజీ

చేవెళ్ల నుంచి బస్సులో అందరూ ప్లాట్ల ధరలే మాట్లాడుతున్నారు. సాఫ్ట్‌వేర్ వాళ్లు కొంటున్నారట. నేను కిరాయికి తెచ్చుకున్న డిటెక్టివ్ నవలలో సగానికి వచ్చాను. ఒళ్లో సంచి పెట్టుకున్న పక్కసీటు ఆమె నా పుస్తకం వైపే చూస్తోంది.

"గిది నేను చదివిన చెల్లె," అన్నది. "మా కిరాణా దుకాణంల కూసోని అన్నీ చదువుత. మొన్న దయ్యం నవల చదివితే భయం కాదు, నవ్వొచ్చింది. ప్రేమ నవలలల్ల ఎవ్వరికీ పనే ఉండదు. గిదొక్కటే మంచిగున్నది. కానీ ఆఖరి పేజీ ఎవరో చింపుకపోయిండ్రు. రెండేండ్లాయె, ఎవరు చంపిండ్రో తెల్వదు. నాకైతే వంటామె మీదనే అనుమానం. జర చూసి చెప్పరాదు?"

చూస్తే నాకు మిగతా సగం పాడవుతుంది. ఇంతలో మొయినాబాద్ వచ్చింది. ఆమె లేచింది కానీ దిగడం లేదు. కండక్టర్ అరిచాడు. ఏమనిపించిందో, చదవకుండానే ఆ పేజీ చింపి ఆమె చేతిలో పెట్టాను.

బస్సు కదులుతుంటే కిటికీలోంచి చూశాను. ఆమె రోడ్డు పక్కనే నిలబడి చదివి, ముక్కు మీద వేలేసుకుంది.

పుస్తకం వాపసు ఇచ్చినప్పుడు ఎవరూ తిరగేసి చూడలేదు. హంతకుడెవరో నాకు ఇప్పటికీ తెలియదు. వంటామె మాత్రం కాదు.