తెల్లగా వచ్చిన కాగితం

ఒక అబద్ధాన్ని ఇన్నేళ్ళు లోపల ఉంచుకుంటే అది నొప్పి పెట్టడం మానేస్తుంది. బరువు మాత్రం తగ్గదు. నేను మోకరించినప్పుడల్లా అదీ నాతోపాటే మోకరిస్తుంది. చర్చిలో సంఘం ముందు నిలబడి నా కోపాన్ని ఒప్పుకున్నాను, అసూయను ఒప్పుకున్నాను. దీన్ని మాత్రం పెదవి దాటనివ్వలేదు. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

తొంభైల చివర్లో గవర్నర్‌పేటలోని ఒక కంటి ఆసుపత్రిలో పనిచేసేదాన్ని. మా డాక్టరుగారు నీటికాసుల మీద పరిశోధన చేస్తుండేవారు. కంట్లో ఒత్తిడి పెరిగి నరం కొద్దికొద్దిగా చచ్చిపోయే జబ్బు అది. చూపు అంచుల నుంచి పోతుంది. ఎదుటి చూపు చాలాకాలం నిలుస్తుంది కాబట్టి గోడ మీద అక్షరాలన్నీ చదివేస్తారు, పక్క నుంచి వచ్చే ఆటో మాత్రం కనబడదు. రోజూ కంట్లో చుక్కల మందు వేసుకుంటే ఆ నరం ఎంతకాలం నిలుస్తుందో తెలుసుకోవాలని ఆయన ఆరునెలలకోసారి అదే మనుషులను పిలిపించి పరీక్ష చేయించేవారు. ఆ పరీక్ష చేసేది నేను.

చీకటి గదిలో పెద్ద తెల్లటి గిన్నెలాంటి మెషిన్. అందులోకి ముఖం పెట్టి ఎదురుగా చూస్తూ ఉండాలి. ఎక్కడో ఒకచోట వెలుగు మెరుస్తుంది. కనబడితే చేతిలోని బటన్ నొక్కాలి. చూపు పోయిన చోటల్లా మెషిన్ ఇచ్చే కాగితం మీద నల్లగా వస్తుంది. వెలుగు మెరిసే ముందు చిన్న చప్పుడవుతుంది. మధ్యమధ్యలో వెలుగు లేకుండా ఉత్త చప్పుడే చేస్తుంది మెషిన్. అప్పుడు కూడా నొక్కుతూ ఉంటే కాగితం అడుగున ఒక గుర్తు పడుతుంది. గుర్తు పడితే పరీక్ష మళ్ళీ చేయాలి. అంతే నియమం.

అలా పరీక్షకు వచ్చేవాళ్ళలో ఒకతె, నేను పిన్నీ అని పిలిచే నాంచారమ్మ, కొల్లేటి వైపు నుంచి, హనుమాన్ జంక్షన్‌లో బస్సు మారి వచ్చేది. చేపలు అమ్ముకునే మనిషి. వాళ్ళింట్లో ఎవరూ మా విశ్వాసంలో లేరు. నా మాట మీద ఆమె ఒక్కతే మా శుక్రవారం ఉపవాస ప్రార్థనకు రావడం మొదలుపెట్టింది. స్త్రీల ప్రార్థన నడిపేది నేనే. మూడు శుక్రవారాలు ఆమె కళ్ళ మీద చెయ్యి పెట్టి ప్రార్థించాను. గుడ్డివాళ్ళు చూపు పొందిన అధ్యాయాలు చిన్నప్పుడే నాకు కంఠతా వచ్చు. అయినా నా చేతి కింద ఒక్కరైనా బాగుపడటం నేనెప్పుడూ చూడలేదు. ఈ మాట రాయడం కూడా ఇదే మొదటిసారి.

నాలుగో వారం ఆమెకు పరీక్ష. చప్పుడైనప్పుడల్లా నొక్కుతోంది. వెలుగున్నా, లేకపోయినా.

"కనబడితేనే నొక్కండి పిన్నీ" అన్నాను.

"కనబడుతున్నాయిగా సిస్టరమ్మా. టక్కుమంటే చాలు, బుట్టలో రొయ్య ఎగిరినట్టు ఒకటి ఎగురుతోంది."

నవ్వాను. ఆపలేదు.

కాగితం బయటికి వచ్చింది. ఆరునెలల కిందట నల్లగా ఉన్న మూలలన్నీ తెల్లబడ్డాయి. అడుగున గుర్తు ఉంది. అది నా కంట పడలేదని నాకు నేనే చెప్పుకున్న సంవత్సరాలున్నాయి. పడింది.

డాక్టరుగారు కాగితాన్ని చాలాసేపు చూశారు. చచ్చిన నరం తిరిగి రాదు కదా, గుర్తు కూడా పడింది, రెండోసారి చేశారా అని అడిగారు. చేశానండీ, అలాగే వచ్చింది అన్నాను. ఆయన నమ్మారు. ఎందుకు నమ్మరు? ప్రార్థన చేసుకోకుండా ఆ గది తలుపు తీయని మనిషినని ఆసుపత్రిలో అందరికీ తెలుసు. ఆ కాగితం ఆయన పరిశోధనలో చేరిపోయింది. మందు మాత్రం మానొద్దని ఆమెకు గట్టిగానే చెప్పి పంపారు.

వరండాలో ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"డాక్టరుగారేమో సీసా వదలొద్దంటారు. ప్రార్థనలో వాళ్ళేమో నమ్మినోళ్ళకి సీసా ఎందుకంటారు. మీరు రెండుచోట్లా ఉండే మనిషి. మీరే చెప్పండి, వెయ్యనా, మాననా?"

వెయ్యండి అంటే సరిపోయేది. ఒక్క మాట.

"కాగితం బాగుంది పిన్నీ" అన్నాను.

ఆ ఆదివారం ఆమె తన కళ్ళు బాగయ్యాయని సంఘంలో సాక్ష్యం చెబుతుంటే పక్కన నిలబడి ఆ కాగితం జెరాక్స్ పైకెత్తి చూపించాను. సంఘమంతా స్తోత్రం చెప్పింది. ఆ క్షణాన నేను నమ్మానా? నమ్మాననే అనుకుంటాను. మెషిన్ చూపును కాదు, నొక్కుళ్ళనే లెక్కపెడుతుందని తెలిసిన నేనే, అక్కడ చెయ్యెత్తి నిలబడి, దేవుడు ఆ మెషిన్ కంటే పెద్దవాడని నాకు నేను చెప్పుకున్నాను. ఆయన పెద్దవాడే. ఇప్పటికీ నమ్ముతాను. కానీ ఆయన చేయని పనికి ఆయన పేరు పెట్టమని నన్నెవరు అడిగారు? ఆయన మహిమ కావాలనుకున్నానా, నా చేతికి మహిమ కావాలనుకున్నానా?

తర్వాతి పరీక్షకు రమ్మని ఆమెకు ఆసుపత్రి నుంచి కార్డు వెళ్ళింది. రాలేదు. బాగైన మనిషి ఎందుకొస్తుంది? నేనూ కబురు పెట్టలేదు.

ఐదారేళ్ళ తర్వాత హనుమాన్ జంక్షన్ బస్టాండులో కనబడింది. కూతురి భుజం మీద చెయ్యి వేసి నడుస్తోంది. నేను నోరు తెరవకపోతే దాటిపోయేది. ఎందుకో, "పిన్నీ" అని పిలిచాను. గొంతు గుర్తుపట్టి, నేను లేని వైపు తిరిగి నవ్వింది. మందు ఆ సాక్ష్యం చెప్పిన ఆదివారమే మానేసిందట. రెండు కళ్ళూ పోయాయట.

"నా నమ్మకమే చాల్లేదు సిస్టరమ్మా. మీరు చెయ్యాల్సింది మీరు చేశారు" అంది.

కూతురు నన్నే చూస్తోంది. కైకలూరు బస్సు వస్తే మెట్టు మీద ఆమె కాలు పెట్టించాను. బస్సు వెళ్ళాక కూడా ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాదు.

క్షమాపణ గురించి ఇప్పటికీ స్త్రీలకు బోధిస్తాను. దీనికి మాత్రం అడగలేదు. దేవుడి దగ్గర మోకరించడం నాకు అలవాటే. అడగాల్సింది ముందు ఆమెను. ఆమె ఉందో లేదో కనుక్కోవడానికి కూడా వెళ్ళలేదు. కాబట్టి ఇది మీరు క్షమిస్తారని రాయడం లేదు. ఆమె తన మీద వేసుకుని బస్సెక్కిన తప్పు ఎవరిదో ఒక్కచోటైనా సరిగ్గా రాసి ఉండాలని రాస్తున్నాను.

నాంచారమ్మ పిన్ని నమ్మకంలో ఏ లోటూ లేదు. ఆ రోజు మూలల్లో ఆమెకు వెలుగు కనబడలేదు. అది నాకు తెలుసు. రెండోసారి పరీక్ష నేను చేయలేదు.